వానకు బొమ్మ గీద్దాం రండి

దసరా సెలవులకు పిల్లలు వచ్చిన రెండో రోజే బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. నాలుగో రోజుకు అది వాయుగుండమైంది. రాత్రి భోజనాల వేళ టీవీలో పటం చూపిస్తున్నారు. సముద్రం మీద తెల్లటి మబ్బుల సుడి, దాని ముందు ఒక బాణం గుర్తు, జిల్లాల మీద పసుపు, నారింజ, ఎరుపు. మూడో తరగతి చదివే మనవడు ముద్ద చేతిలో పట్టుకుని, “తాతయ్యా, మన జిల్లాకు నారింజ రంగు వేశారే, ఎందుకు?” అన్నాడు. ఆరో తరగతి చదివే వాళ్లక్క, “ఆరెంజ్ అలర్ట్ రా” అంది. “అలర్ట్ అంటే?” “అలర్ట్ అంటే అలర్టే!” అక్కడితో ఆగిపోయింది వాళ్ల చర్చ.

ఈ కాలపు పిల్లల చుట్టూ ఇలాంటి బొమ్మలు బోలెడు. పాఠ్యపుస్తకంలో, బడి గోడ మీద, అమ్మ ఫోనులో, ఎక్కడ చూసినా అవే. ఇన్ఫోగ్రాఫిక్స్ అంటున్నారు. లెక్కను బొమ్మ చేసి చెప్పడమన్నమాట. నాకు ఆ బొమ్మలంటే చాలా ఇష్టం. ముప్పై ఏళ్లకు పైగా బడిలో సైన్సు చెప్పాను. బల్ల నిండా రాసి చెప్పినా బుర్రకెక్కనిది ఒక్క బొమ్మతో ఎక్కడం ఎన్నోసార్లు కళ్లారా చూశాను. కానీ దానితో పాటు ఇంకో సంగతీ చూశాను. ఎవరో గీసిచ్చిన బొమ్మను పిల్లలు గుర్తుపడతారు, పేరు చెబుతారు, అంతటితో ఊరుకుంటారు. తమ చేత్తో కొలిచి, తమ చేత్తో గీసిన బొమ్మనైతే వదలరు. దాన్ని పట్టుకుని ప్రశ్నలు వేస్తూనే ఉంటారు. అందుకే ఆ సెలవుల్లో టీవీ పటాన్ని పిల్లలకు వివరించడంతో ఆపకుండా, అలాంటిది వాళ్లచేతే చేయించాలనుకున్నాను.

ముందు రంగు సంగతి తేల్చాం. మన దేశంలో వాతావరణ శాఖ వాడే రంగులు నాలుగు. ఆకుపచ్చ అంటే చేయాల్సిందేమీ లేదు. పసుపు అంటే కబురు తెలుసుకుంటూ ఉండండి. నారింజ అంటే సిద్ధపడండి. ఎరుపు అంటే ఇక ఆలస్యం చేయకండి, చేయాల్సింది చేసేయండి. “చూశావా బుజ్జీ, వాన ఎంత పడుతుందన్నదొక్కటే కాదు, దానివల్ల మనకు ఏం ముప్పు రావచ్చో, మనం ఏం చేయాలో కూడా ఆ రంగు చెబుతోంది” అన్నాను. భారీ వర్షం అనే మాటకు కూడా కొలత ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకు చేరితే భారీ, 115.5 దాటితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. “మిల్లీమీటర్లా? వాన నీళ్లు కదా, లీటర్లలో ఉండాలి కదా తాతయ్యా!” అంది పెద్దది. ఆ ప్రశ్నను మరుసటి రోజుకు దాచిపెట్టమన్నాను.

ఆ రాత్రి వాళ్లకు ఒక కొమ్ము కథ చెప్పాను. అది మీకూ చెప్పాలి.

పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు ఉండేవాడు. ఓడ కెప్టెన్‌గా సముద్రాలు తిరిగి వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. తుపానులో చిక్కి బయటపడ్డ ఓడల దినచర్య పుస్తకాలన్నీ పోగుచేసేవాడు. ఏ గంటకు గాలి ఏ దిక్కునుంచి వీచిందో, బారోమీటరులో పాదరసం ఎంత దిగిందో నావికులు వాటిలో రాసి ఉంచేవారు. ఒక్కో పుస్తకం విడిగా చదివితే అది ఒక ఓడ పడ్డ కష్టం మాత్రమే. పిడింగ్టన్ అన్ని ఓడల గాలినీ ఒకే కాగితం మీద బాణాలుగా గీశాడు. అప్పుడు కనబడింది, ఆ బాణాలన్నీ ఒక నడిమి చోటు చుట్టూ తిరుగుతున్నాయని. ఆయన అలా పరిశీలించిన తుపాన్లలో 1839 నవంబరులో మన కాకినాడ పక్కన కోరింగను ముంచేసినది కూడా ఉంది. ఇవాళ మడ అడవులు చూడటానికి పడవెక్కి తిరుగుతామే, ఆ కోరింగే. ఒకప్పుడు ఓడలు వచ్చి ఆగే పెద్ద రేవు అది. గాలి ఇలా పాము చుట్టలా తిరుగుతోంది గనక గ్రీకు మాట తీసుకుని దానికి సైక్లోన్ అని పేరు పెట్టింది పిడింగ్టనే. ప్రపంచమంతా వాడుతున్న ఆ మాట పుట్టింది బంగాళాఖాతం ఒడ్డునే.

1848లో ఆయన నావికుల కోసం ఒక పుస్తకం అచ్చువేశాడు. దానితో పాటు రెండు కొమ్ము రేకులు ఇచ్చేవాడు. పశువుల కొమ్మును పల్చగా రేకులా చేస్తే కింద ఉన్నది కనబడుతుంది. ప్లాస్టిక్ లేని రోజుల్లో అదే పారదర్శక కాగితం. ఆ రేకు మీద వలయాలు, వలయాల మీద గాలి బాణాలు గీసి ఉంటాయి. ఒక రేకు భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న సముద్రాలకు, ఇంకొకటి దక్షిణాన ఉన్నవాటికి. ఎందుకంటే ఉత్తరాన సుడి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది, దక్షిణాన ముల్లుతో పాటు తిరుగుతుంది. నడిసముద్రంలో గాలి ముదిరినప్పుడు కెప్టెన్ ఆ రేకును తన పటం మీద పెట్టి, తనకు తగులుతున్న గాలీ రేకు మీది బాణమూ ఒకే దిక్కుకు వచ్చేలా జరిపితే, రేకు నడిమి చుక్క తుపాను కన్ను ఎటువైపు ఉందో చూపిస్తుంది. ఓడను దానికి దూరంగా తిప్పుకోవచ్చు. ఎన్ని ప్రాణాలు ఆ రేకు మీద ఆధారపడి ఉంటాయో ఆలోచించండి. నా దృష్టిలో వాతావరణం గురించి మనిషి చేసిన గొప్ప బొమ్మల్లో అదొకటి. అరచేతిలో ఇమిడేది, చదువు పెద్దగా రానివాడు కూడా తిప్పి చూసుకోగలిగేది.

మర్నాడు పొద్దున్నే మా ఇంట్లో కొమ్ము రేకు తయారైంది. కొమ్ముకు బదులు ట్రేసింగ్ పేపరు. పెద్దది వృత్తలేఖినితో నాలుగు వలయాలు గీసి, ఎడమవైపు తిరిగే బాణాలు వేసింది. చిన్నవాడు డాబా ఎక్కి అగరవత్తి పొగ ఎటు పోతోందో చూసి గాలి ఈశాన్యం నుంచి వస్తోందని కేకేశాడు. అట్లాసులో కాకినాడ మీద రేకు పెట్టి ఆ గాలికి సరిపడేలా జరిపితే నడిమి చుక్క ఆగ్నేయంగా సముద్రంలో పడింది. ఇక్కడ ఇంకో చిట్కా కూడా చెప్పాను. డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో చెప్పినది. గాలికి వీపు చేసి నిలబడి ఎడమ చెయ్యి చాస్తే, మన అర్ధగోళంలో అల్పపీడనం ఆ వైపునే ఉంటుంది. నేల మీద చెట్లూ ఇళ్లూ గాలిని అడ్డుకుంటాయి గనక చెయ్యి కాస్త ముందుకు జరపాలి. ఇద్దరూ డాబా మీద గాలికి వీపు పెట్టి, ఎడమ చేతులు చాపి నిలబడ్డారు. సాయంత్రం వార్తల్లో మబ్బుల సుడి అటువైపే కనిపించేసరికి వాళ్ల ముఖాలు చూడాలి! రేకు దూరం చెప్పలేదు, దిక్కు మాత్రం చెప్పింది. పిడింగ్టన్ కాలంలో నావికుడికి దక్కిందీ అదే. పిల్లలు అదివరకు ఎన్నోసార్లు చూసిన ఆ టీవీ పటం ఆ సాయంత్రం నుంచి వాళ్లకు చదవగలిగేది అయింది.

ఇక మిల్లీమీటర్ల ప్రశ్న. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, తలకిందులు చేసి గరాటులా అందులోనే దించాం. ఇలాంటి సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది. అక్కడినుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. అందుకని గోడలు నిటారుగా మొదలయ్యేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టి, దానిపైన స్కేలు అతికించాం. పేర్లు పెట్టుకుని ఇద్దరూ చెరొకటి చేసుకున్నారు. మన దేశంలో రోజు వానను ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా లెక్కిస్తారు. మేమూ అదే వేళ పెట్టుకున్నాం.

మొదటి పొద్దున చిన్నవాడి సీసా నిండి పొంగింది. అక్క సీసాలో 38 మిల్లీమీటర్లే. వాడు ఎగిరి గంతేశాడు, “నా వానే ఎక్కువ!” అని. ఎందుకలా అయిందో నేను చెప్పలేదు. అక్క వెళ్లి చూసి వచ్చింది. వాడు సీసాను చూరు కింద పెట్టాడు. పెంకుల మీద పడ్డ నీళ్లన్నీ ధారగా అందులోకే. రెండోరోజు దాన్ని డాబా నడుమ, గోడకూ కొబ్బరిచెట్టుకూ దూరంగా, చుట్టూ ఇటుకలు పేర్చి పెట్టారు. వాన కొలతలో మొట్టమొదటి పాఠం ఎక్కడ కొలిచావన్నదే. ఆ పాఠం నేను నోటితో చెప్పి ఉంటే వాడికి అంతగా పట్టేది కాదు.

లీటర్ల లెక్క అప్పుడు కుదిరింది. చదరపు మీటరు నేల మీద ఒక్క మిల్లీమీటరు ఎత్తున నీళ్లు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. అందుకే మిల్లీమీటర్లలో చెబితే చాలు, ఎవరి చోటుకు వాళ్లు లీటర్లు కట్టుకోవచ్చు. మా డాబా వంద చదరపు మీటర్లు. 38 మిల్లీమీటర్లంటే 3,800 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెలతో రెండు వందల యాభైకి పైనే. పెద్దది ఆ లెక్క కట్టి కాసేపు మాట్లాడకుండా డాబా వైపు చూసింది. “ఇన్ని బిందెలూ తూములోంచి వీధిలోకి పోయాయా తాతయ్యా?” అంది. పోయాయి తల్లీ, అన్నాను. ఇంకుడుగుంత గురించి నేను ఎత్తకముందే తను ఎత్తింది.

వారం గడిచేసరికి ఇద్దరి దగ్గరా ఏడు అంకెలు. ఇప్పుడు బొమ్మ. పెద్దది గ్రాఫు కాగితం మీద పది మిల్లీమీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున నీలం కమ్మీలు గీసింది. చిన్నవాడు లెక్కల గళ్ల పుస్తకంలో ఒక్కో మిల్లీమీటరుకు ఒక్కో గడి నింపాడు. కాగితం చాలక కింద ఇంకోటి అతికించాడు. రెండూ గోడకు పక్కపక్కన పెడితే అక్కది చిరుజల్లులా ఉంది, తమ్ముడిది జలప్రళయంలా ఉంది. అంకెలు చూస్తే ఒకటే వాన! నేను ఏమీ అనకుండా నిలబడ్డాను. చిన్నవాడే రెండు కాగితాలూ మార్చిమార్చి చూసి, “అక్క గడికి పది, నా గడికి ఒకటి” అన్నాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడి నోట ఆ మాట రావడం నాకు ఎంత సంతోషమో చెప్పలేను. పెద్దవాళ్లం పేపర్లో కమ్మీల పటం చూసి బెంబేలెత్తేముందు గడికి ఎంత అని ఎంతమందిమి అడుగుతాం?

వాడికి అంతటితో తృప్తి లేదు. కమ్మీలు బాగోలేవు, చినుకులు గీస్తానన్నాడు. 20 మిల్లీమీటర్లు పడ్డ రోజుకు చిన్న చినుకు, 40 పడ్డ రోజుకు దానికి రెండింతల పొడుగూ రెండింతల వెడల్పూ ఉన్న చినుకు. చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ అందులో ఒక మోసం దాగి ఉంది. పెద్దవాళ్లు అచ్చువేసే బొమ్మల్లో కూడా అది తరచూ దొర్లుతుంది. వంటింట్లో వాళ్లమ్మమ్మ చపాతీలు చేస్తోంది. వాణ్ని అక్కడికి పంపాను. ఒక ఉండతో జానెడు చపాతీ వస్తే, అదే మందాన రెండు జానల చపాతీకి ఎన్ని ఉండలు కావాలి? రెండని వాడూ వాళ్లక్కా ఒక్కసారే అన్నారు. చేసి చూశారు. నాలుగు పట్టాయి. అడ్డమూ నిలువూ రెండూ రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు. వాడి బొమ్మలో రెండింతల వాన నాలుగింతలుగా కనబడుతోందన్నమాట. చివరికి ఒకే సైజు చినుకులు, ఒక్కోటి ఐదు మిల్లీమీటర్లకు చొప్పున వరసగా గీశాడు. అదీ ముచ్చటగానే ఉంది, నిజం కూడా చెబుతోంది.

చినుకుల మాట వచ్చింది గనక ఇంకోటి. మనమంతా చినుకుకు పైన తోక పెట్టి కన్నీటి బొట్టులా గీస్తాం. కుళాయి అంచున వేలాడే చుక్క అలా సాగి ఉంటుందేమో గానీ, ఆకాశంలో పడే చినుకుకు తోక ఉండదు. చిన్న చినుకు గుండ్రంగా బంతిలా ఉంటుంది. రెండు మిల్లీమీటర్లు దాటినకొద్దీ కిందినుంచి గాలి ఒత్తడంతో అడుగు చదునై, పైన ఉబ్బి, బేకరీ బన్నులా అవుతుంది. ఇంకా పెద్దదైతే నిలవలేక చిట్లిపోతుంది. తోక చినుకును గుర్తుగా వాడుకుంటే తప్పులేదు. చినుకు నిజంగా అలాగే ఉంటుందని పిల్లలు అనుకోకుండా చూడాలి, అంతే.

దీనికన్నా పెద్ద పొరపాటు నీటి చక్రం బొమ్మలో ఉంది. సూర్యుడు, సముద్రం, మబ్బు, కొండ, ఏరు, మళ్లీ సముద్రం. నేను ఏళ్ల తరబడి బల్ల మీద గీసింది కూడా ఇదే. ఇందులో మనుషులేరీ? 2019లో కొందరు శాస్త్రవేత్తలు రకరకాల దేశాల నీటి చక్రం బొమ్మలు 450కి పైగా పోగుచేసి చూస్తే, మనిషి జోక్యం చూపించినవి నూటికి సుమారు పదిహేనే. 2022లో అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ తన నీటి చక్రం బొమ్మను మార్చి, పొలాలు, ఊళ్లు, ఫ్యాక్టరీలు, జలాశయాలు చేర్చింది. గోదావరి జిల్లాల పిల్లలకు ఈ మార్పు ఇట్టే అర్థమవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు కాలవల్లోంచి వరిచేలకు పోతున్నాయి. మా మనవరాలు తన పుస్తకంలో బొమ్మ పక్కనే ఆనకట్ట, కాలవ, మా ఇంటి బోరు పెన్సిలుతో చేర్చుకుంది.

అదే ఊపులో ఇరవై లీటర్ల బకెట్టు తెమ్మన్నాను. భూమ్మీద నీళ్లన్నీ ఇందులో ఉన్నాయనుకోండి. పందొమ్మిదిన్నర లీటర్లు ఉప్పునీళ్లే. మిగిలిన అరలీటరు మంచినీళ్లలో మూడింట రెండు వంతులు మంచు రూపంలో ధ్రువాల దగ్గర, కొండల మీద గడ్డకట్టి ఉన్నాయి. తక్కినదాంట్లో దాదాపు అంతా భూగర్భ జలం. ప్రపంచంలోని నదులన్నీ కలిపితే ఆ బకెట్టులో అర చుక్క. పెద్దది చుక్కల మందు సీసాతో ఒక చుక్క పళ్లెంలో వేసి, దాన్ని గోటితో రెండుగా చీల్చాలని చూసింది. నదుల నీళ్లు ఎంత కొంచెమో ఏ కాగితం బొమ్మా అంత బాగా చెప్పలేదు.

ప్రకృతి బొమ్మలకు వాన ఒక్కటే ఆధారం కానక్కర్లేదు. మన పెద్దలు ఏడాదిని 27 కార్తెలుగా విడదీసుకున్నారు. రోహిణిలో ఎండ, మృగశిరకు తొలకరి, ఆరుద్ర పురుగు కనబడితే దుక్కి. ఇంట్లో ఒక పెద్ద వలయం గీసి, వేప పూసిన రోజు, మామిడి పిందె దిగిన రోజు, ఎర్రటి ముఖమల్ పురుగు మొదట కనబడ్డ రోజు అందులో చుక్క పెట్టించండి. మొదటి ఏడు అది వట్టి చుక్కే. పదేళ్లకు దాని విలువ తెలుస్తుంది. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూలు విరగబూసిన రోజును తొమ్మిదో శతాబ్దం నుంచి రాజుల దినచర్యల్లో, మఠాల పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. ఆ తేదీలన్నీ ఏరి చుక్కలు పెడితే, ఈమధ్య కాలపు చుక్కలు ముందుకు జరిగిపోవడం కనబడుతుంది. 2021లో మార్చి 26కే పూశాయి. పన్నెండు వందల ఏళ్ల లెక్కలో అంత ముందుగా పూయడం అదే మొదలు. ఆ రాసినవాళ్లు పూలు చూసే సరదాతో రాశారు, శాస్త్రం కోసం కాదు.

పిల్లలు వెళ్లే ముందురోజు ఫోనులో ఒక బొమ్మ చూపించాను. బ్రిటన్‌లో ఎడ్ హాకిన్స్ అనే వాతావరణ శాస్త్రవేత్త 2018లో చేసింది. చీర అంచులా నిలువు చారలు, ఎడమవైపు నీలాలు, కుడివైపుకు వచ్చేసరికి ముదురు ఎరుపులు. ఒక్కో చార ఒక్కో ఏడాది సగటు ఉష్ణోగ్రత. అంకె లేదు, అక్షరం లేదు. భూమి వేడెక్కడాన్ని ఇంత తేలికగా చెప్పినది ఇంకోటి నేను చూడలేదు. మా మనవరాలు దాన్ని బాగుందని మెచ్చుకుంటుందనుకున్నాను. అది కళ్లు చికిలించి చూసి, “నీలం అంటే ఎంత? దేనికన్నా తక్కువ? ఎక్కడ కొలిచారు?” అని వరసగా మూడు ప్రశ్నలు వేసింది. పది రోజుల కిందట “అలర్ట్ అంటే అలర్టే” అన్న పిల్లే ఇది. ఇద్దరం కూర్చుని ఆ మూడింటికీ జవాబులు వెతికాం.

సీసాలు రెండూ వాళ్లతో పాటు హైదరాబాదు వెళ్లాయి. ఇక్కడ ఇంకోటి నేను చేసుకున్నాను. వాన కురిసిన మర్నాడు పొద్దున ఫోను మోగుతుంది. “మాకు నాలుగు, మీకెంత తాతయ్యా?” రెండు ఊళ్ల వానా ఒకే గోడ మీద రెండు రంగుల్లో ఎక్కుతోంది.

మీ ఇంట్లోనూ బడి వయసు పిల్లలుంటే ఒక ఖాళీ సీసా, ఒక స్కేలు, ఒక గళ్ల పుస్తకం వాళ్ల చేతికివ్వండి. సీసాను చూరు కింద పెట్టినా మొదటిరోజు ఏమీ అనకండి. ఉదయం ఎనిమిదిన్నరకు కొలవమనండి. అంకె వాళ్లనే రాయనివ్వండి, రంగూ వాళ్లనే ఎంచుకోనివ్వండి.